ఫిర్యాదు వెంట పరుగెత్తే కుక్కల బండి: పురపాలక పశువైద్య విభాగం గురించి కొన్ని మాటలు

(కాలనీ సంక్షేమ సంఘాల ఉమ్మడి సమావేశంలో ఒక విశ్రాంత పురపాలక పశువైద్యాధికారి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసినది.)

అధ్యక్షులకు, వివిధ కాలనీల నుంచి వచ్చిన ప్రతినిధులకు, ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన అమ్మలకు, అయ్యలకు నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి వినిపిస్తోందా? సరే. నన్ను ఆహ్వానించినప్పుడు కార్యదర్శి గారు కుక్కల సమస్య మీద మాట్లాడమన్నారు. కుక్కల గురించి తప్పకుండా మాట్లాడతాను. అయితే అంతకంటే ఎక్కువగా, ఆ కుక్కల సంగతి చూడవలసిన పురపాలక విభాగం గురించి మాట్లాడాలని వచ్చాను. ఎందుకంటే కుక్క గురించి మనలో ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంది గానీ, ఆ విభాగం ఎలా పనిచేస్తుందో, ఎలా పనిచేయాలో తెలిసినవారు చాలా తక్కువ.

మీలో కుక్కల బండిని చూడనివారు ఎవరూ ఉండరు. అది ఎవరు పిలిస్తే వచ్చింది, పట్టుకుపోయిన కుక్కను ఏం చేసింది, తిరిగి ఎక్కడ వదిలింది అని అడిగినవారు ఎంతమంది? ఒకసారి ఆలోచించండి. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే బండి వస్తుంది, ఆ పూట దొరికిన కుక్కలను పట్టుకుని వెళుతుంది, మరునాడు ఇంకో మూల నుంచి వచ్చిన ఫిర్యాదు వెంట అటు పరుగెడుతుంది. ఏడాదంతా ఇలా తిరిగితే రిజిస్టరులో వేల సంతాన నిరోధక శస్త్రచికిత్సలు కనిపిస్తాయి, వీధుల్లో మాత్రం కుక్కలు తగ్గవు, రేబిస్ భయమూ తగ్గదు. ఈ పని ఫిర్యాదు వెంట కాక వీధి వెంట వీధిగా, లెక్క ప్రకారం ఎందుకు జరగాలో చెప్పడమే నా ఉద్దేశం.

మొదట, ఇది ఎవరి బాధ్యత? జంతుప్రేమికులదా, పశుసంవర్ధక శాఖదా, పోలీసులదా? 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. అందులో పదిహేనవది పశువుల దొడ్లు, జంతుహింస నివారణ. ఆరవది ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ. ఈ రెండు అంశాలు ఒకే షెడ్యూలులో ఉండటం గమనించండి, చెత్త దగ్గరికి వచ్చినప్పుడు దీన్ని మళ్లీ గుర్తు చేస్తాను. నిజానికి ఈ బాధ్యత ఇంకా పాతది. ఇక్కడున్న పెద్దలకు బందెలదొడ్డి గుర్తుండే ఉంటుంది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం, ఇతరుల పొలంలోనో దారి మీదనో పడిన పశువును దొడ్డికి తోలేవారు, యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకునేవాడు, ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు ఠాణాకు తెలియజేసి, ప్రకటన వేసి, ఆ తరువాత కూడా రాకపోతే వేలం వేసేవారు. ఆ చట్టం చేసినవారికి పశువు మీద కనికరం కంటే పంట మీద శ్రద్ధే ఎక్కువ, అది వేరే సంగతి. కానీ అందులో ఒక క్రమం ఉంది: పశువు ఎప్పుడు వచ్చింది, ఎవరిది, ఎన్నాళ్లుంది, ఎటు వెళ్లింది అన్నది రాసి ఉండాలి. వీధికుక్కల విషయంలో మనకు లోపించింది ఆ రాతే.

పశువైద్య విభాగం అంటే కుక్కలు మాత్రమే కాదు. రోడ్ల మీద పశువులు, చనిపోయిన జంతువుల తొలగింపు, పెంపుడు కుక్కల లైసెన్సులు, కబేళాలలో మాంసం తనిఖీ, ఇవన్నీ అదే కొద్దిమంది వైద్యుల మీద పడతాయి. పాములు, కోతులు వన్యప్రాణులకు సంబంధించినవి కనుక అవి అటవీ శాఖ చూడవలసినవి. కోతుల బెడద తెలంగాణలో ఎంత ముదిరిందంటే నిర్మల్ జిల్లా చించోలి దగ్గర వాటి కోసం ప్రత్యేకంగా ఒక సంరక్షణ, పునరావాస కేంద్రమే పెట్టవలసి వచ్చింది. అయినా ప్రజలకు శాఖల గొడవ అక్కరలేదు, పాము కనిపించినా ఫోను మున్సిపాలిటీకే చేస్తారు. తప్పు పట్టడానికి లేదు.

ఇక కుక్కల విషయానికి వద్దాం. 'చంపేస్తే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు?' అని నన్ను ఎందరో అడిగారు. ఈ సభలోనూ ఆ ప్రశ్న కొందరి మనసులో ఉందని నాకు తెలుసు, అందుకే దాన్ని దాటవేయను. చంపడం మన దేశంలో ప్రయత్నించి చూడని మార్గం ఏమీ కాదు. మద్రాసు నగరపాలక సంస్థ 1860లో వీధికుక్కలను పట్టి చంపే కార్యక్రమం మొదలుపెట్టింది. నూరేళ్లకు పైగా ఆ పని సాగింది. 1970ల నాటికి చంపిన కుక్కల సంఖ్య ఎంత పెరిగిందంటే, అక్కడి కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ కుక్కతోలుతో నెక్‌టైలు, పర్సులు చేయడం కూడా పరిశీలించింది. అంత చంపినా కుక్కలు తగ్గాయా? తగ్గలేదు. రేబిస్ ఆగిందా? ఆగలేదు. అదే నగరంలో 1959లో పుట్టిన బ్లూ క్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ 1964 నుంచి 'చంపవద్దు, సంతానం కలగకుండా చేసి, టీకా వేసి వదలండి' అని అడుగుతూ వచ్చింది. నగరపాలక సంస్థ ఆ మాట విన్నది 1990ల మధ్యలో. ముప్పై ఏళ్లకు పైగా పట్టింది! మన పట్టణాల్లోనూ విషం పెట్టి చంపిన రోజులు పెద్దలు ఎరుగుదురు. ఆ రోజుల్లో కుక్కలు లేని వీధి ఏదైనా ఉండేదా? నేను చూడలేదు.

ఎందుకు తగ్గవు? ఒక వీధిలో ఎన్ని కుక్కలు బతకగలవన్నది ఆ వీధిలో దొరికే తిండిని బట్టి ఉంటుంది. పది కుక్కలకు సరిపడా తిండి ఉన్నచోట పదింటినీ తీసేస్తే, పక్క వీధుల నుంచి కొన్ని వస్తాయి, ఆ ఏడు పుట్టిన పిల్లల్లో మామూలుగా చచ్చిపోయేవి కూడా తిండి దొరికి బతుకుతాయి. ఆడకుక్క రెండు నెలలకు ఈనుతుంది, ఏడాదిలో రెండు ఈతలు పెట్టగలదు. చంపే వేగం ఎప్పుడూ పుట్టే వేగాన్ని అందుకోలేదు. పైగా వెళ్లిపోయినవి ఆ వీధి మనుషులు ఎరిగిన కుక్కలు, వచ్చినవి ఎరగనివి, టీకా లేనివి. కుక్కలను తొలగించడం వల్ల వాటి సంఖ్య మీద గానీ రేబిస్ వ్యాప్తి మీద గానీ చెప్పుకోదగ్గ ప్రభావం పడినట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 1992లోనే తేల్చింది. ఆ తరువాతే మన దేశంలో 2001లో కుక్కల సంతాన నియంత్రణ నియమాలు వచ్చాయి, వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. అవి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద చేసినవి. అంటే ఇది కమిషనరు గారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన విషయం కాదు.

నియమాలు చెప్పే పద్ధతి సులభంగానే ఉంటుంది. కుక్కను చేత్తోనో వలతోనో పట్టాలి, ఇనుప పటకారు, తీగ ఉచ్చు వాడరాదు. పట్టిన చోటు, తేదీ రాయాలి. కేంద్రంలో ఆడదానికి గర్భసంచి, అండాశయాలు, మగదానికి వృషణాలు తీసేసి, రేబిస్ టీకా వేసి, మత్తులో ఉండగానే చెవి కొస కత్తిరించి గుర్తు పెట్టాలి. పుండు మానేదాకా నాలుగైదు రోజులు ఉంచుకుని, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. చెవి కొస కత్తిరించి ఉన్న కుక్కను మీరు చూసే ఉంటారు, దానికి ఆపరేషను అయినట్టు గుర్తు.

'అక్కడే వదలాలి' అన్న మాట దగ్గరే అసలు గొడవంతా మొదలవుతుంది. ఫిర్యాదు చేసిన పెద్దమనిషి కుక్క మళ్లీ తన గేటు ముందు కనిపిస్తే ఊరుకోడు. 'ఎక్కడైనా వదలండి, ఇక్కడ వద్దు' అంటాడు. కార్పొరేటరుతో ఫోను చేయిస్తాడు. అప్పుడు డ్రైవరు ఏం చేస్తాడు? ఆ కుక్కను రెండు కాలనీల అవతల దింపుతాడు. ఆ కాలనీవారు ఫిర్యాదు చేస్తే అక్కడి కుక్కను తెచ్చి ఇక్కడ దింపుతాడు. తనది కాని చోట పడ్డ కుక్కను అక్కడి కుక్కలు తరుముతాయి, అది బెదిరి, తిండి దొరకక, దారిన పోయేవారి మీద పడుతుంది. కుక్కను మార్చమన్నవారు తమ వీధికి ఒక ప్రమాదకరమైన కుక్కను తెచ్చుకున్నారన్నమాట. ఇది నేను ఏ ఒక్క కార్యాలయాన్నో దృష్టిలో పెట్టుకుని అనడం లేదు, ఫిర్యాదు మీద నడిచే ప్రతి చోటా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను, దయచేసి ఓపిక పట్టండి, ఈ ప్రసంగంలో ముఖ్యమైన భాగం ఇదే. ఒక డివిజన్‌లో రెండు వందల కుక్కలున్నాయని అనుకుందాం. అలాంటి డివిజన్లు పది ఉన్నాయనుకుందాం, అంటే మొత్తం రెండు వేలు. మన కేంద్రానికి ఏడాదికి నాలుగు వందల ఆపరేషన్లు చేసే శక్తి ఉందనుకుందాం. ఫిర్యాదుల వెంట తిరిగితే ఒక్కో డివిజన్‌లో సగటున నలభై కుక్కలకు, అంటే అయిదింట ఒకదానికి ఆపరేషను అవుతుంది. మిగిలిన నూట అరవైలో ఆడకుక్కలు ఎనభై ఉంటే, అవి ఈని, పిల్లల్లో సగానికి పైగా చచ్చిపోయినా, ఏడాది తిరిగేసరికి ఆ నలభై లోటు పూడిపోతుంది. మరుసటి ఏడు మళ్లీ మొదటికే. అదే నాలుగు వందల ఆపరేషన్లు రెండు డివిజన్లలోనే, సందు వదలకుండా, ఆ ఏడాదిలో చేశామనుకోండి. ఆ రెండు చోట్లా దాదాపు అన్ని కుక్కలకూ ఆపరేషను అవుతుంది, పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. ఉన్న కుక్కలు కొన్నేళ్లకు సహజంగా తగ్గిపోతాయి. డబ్బు ఒకటే, వైద్యులు వారే, బండి అదే. ఫలితం మాత్రం పూర్తిగా వేరు. బకెట్టుకు పది చిల్లులుంటే ప్రతి చిల్లునూ కొంచెం కొంచెం పూడ్చినవాడికి నీరు నిలవదు.

అయితే ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. మొదటి ఏడు రెండు డివిజన్లే చేస్తే మిగిలిన ఎనిమిది డివిజన్లవారు ఊరుకుంటారా? ఊరుకోరు. ఊరుకోవడానికి రాజకీయం ఒప్పుకోదు. అందుకే అధికారులు అందరికీ తలా కొంచెం పంచుతారు. పంచినట్టు ఉంటుంది, పని కాదు. ఈ మాట చెప్పడానికే మీ దగ్గరికి వచ్చాను: మీ వంతు మూడో ఏడు వస్తుందని అధికారి కాగితం మీద రాసి చూపిస్తే, దాన్ని ఒప్పుకునే సంఘాలు కావాలి. అలాంటి సంఘాలు లేనిచోట ఎంత మంచి అధికారి అయినా ఫోన్లకు జవాబు చెప్పుకుంటూనే పదవీ విరమణ చేస్తాడు.

మరి తమ వంతు వచ్చేదాకా ఎదురు చూసే డివిజన్లవారు కుక్క కాటుకు బలి కావలసిందేనా? కాదు. ఇక్కడే నేను ఆపరేషనునూ టీకానూ వేరు చేసి చూడమంటాను. మన పురపాలక సంస్థలు తమ పని గురించి చెప్పేటప్పుడు ఎన్ని ఆపరేషన్లు చేశామో చెబుతాయి. ఆపరేషను కుక్కల సంఖ్యను తగ్గిస్తుంది, అదీ నెమ్మదిగా. మనిషి ప్రాణం కాపాడేది టీకా. దానికి మత్తు అక్కరలేదు, కేంద్రం అక్కరలేదు, నాలుగైదు రోజులు ఉంచుకోవడం అక్కరలేదు. వలతో పట్టి, సూది వేసి, రంగు గుర్తు పెట్టి అక్కడికక్కడే వదిలేయవచ్చు. అనుభవం ఉన్న బృందం ఒక పూటలో చాలా వీధులు పూర్తి చేయగలదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా వేస్తే వాటి మధ్య రేబిస్ గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కానీ వీధికుక్క బతికేది కొద్ది ఏళ్లే. పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి కనుక ఈ ఏడు సాధించిన 70 శాతం వచ్చే ఏడాదికి ఉండదు. ఏటేటా వేస్తూ ఉండాలి. చెవి కత్తిరించి ఉంది కనుక ఈ కుక్క కరిచినా ఏమీ కాదని కొందరు అనుకుంటారు. చాలా పొరపాటు. చెవి గుర్తు ఆపరేషనుకు గుర్తు. అప్పుడు వేసిన టీకా మూడేళ్ల కిందటిది అయి ఉండవచ్చు.

ఇది జరిగే పనేనా అని మీకు అనిపించవచ్చు. జరిగింది, మన దేశంలోనే జరిగింది. గోవాలో మిషన్ రేబిస్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఊరు ఊరునా, వాడ వాడనా తిరిగి కుక్కలకు ఏటా టీకాలు వేశారు. ఏ వీధిలో ఏ కుక్కకు వేశారో ఫోనులో నమోదు చేశారు, బడి పిల్లలకు కుక్కల దగ్గర ఎలా మెలగాలో నేర్పారు, అనుమానం ఉన్న కుక్క చనిపోతే దాని మెదడును పరీక్షించారు. 2021 జూన్‌లో గోవా తనను రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకునే నాటికి మూడేళ్లుగా అక్కడ రేబిస్‌తో మనిషి చనిపోలేదు. అంతకుముందే జైపూరులో 1990ల నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ నిర్ణీత ప్రాంతంలో ఆపరేషన్లు, టీకాలు వదలకుండా చేస్తే, ఆ ప్రాంతంలో రేబిస్ మరణాలు ఆగిపోయాయి. మన పొరుగున భూటాన్ 2023లో తన వీధికుక్కలన్నిటికీ ఆపరేషను పూర్తి చేసినట్టు ప్రకటించింది. గోవా చిన్న రాష్ట్రం, భూటాన్ చిన్న దేశం అంటారా? నిజమే. మన డివిజన్ వాటికంటే చాలా చిన్నది కదా.

ఇక ఈ పని చేసే మనుషుల గురించి. ఈ విషయం మీద ఎవరూ మాట్లాడరు కనుక నేను కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను. కుక్కలను పట్టేవారు చాలాచోట్ల కాంట్రాక్టు కార్మికులు. తెల్లవారుజామున, కుక్కలు ఒకచోట పడుకుని ఉండే వేళకు, వల భుజాన వేసుకుని బయలుదేరతారు. కుక్క ఆ బండి చప్పుడును గుర్తు పడుతుంది. నేను అతిశయోక్తి చెప్పడం లేదు, వీధి మొదట్లో బండి తిరగగానే చివరి కుక్క గోడ దూకేస్తుంది. అలాంటి కుక్కను గాయం కాకుండా వలలోకి రప్పించడం ఏళ్ల తరబడి చేస్తేనే వచ్చే నేర్పు. ఆ నేర్పు ఉన్నవారిని కాంట్రాక్టు మారినప్పుడల్లా పంపేసి కొత్తవారిని తెస్తే ఏమవుతుంది? వల పక్కకు పోయి తాడు వస్తుంది, కుక్క మెడ నలుగుతుంది, పట్టేవాడి చేయి చిరుగుతుంది. వీరికి ముందస్తు రేబిస్ టీకా వేయించడం యజమాని బాధ్యత. వేయించారా అని మీరు ఎప్పుడైనా బండి ఆపి అడిగారా? ఒక గల్లీలో 'నోరులేని జీవాలను ఎందుకు పట్టుకుపోతున్నారు' అని వారిని అడ్డుకుంటారు, పక్క గల్లీలో 'తీసుకెళ్లిన కుక్కను మళ్లీ ఎందుకు తెచ్చారు' అని అడ్డుకుంటారు. రెండు గల్లీలలో ఎక్కడా వారికి మంచినీళ్లు ఇవ్వరు.

కుక్కలకు అన్నం పెట్టేవారు ఈ సభలో ఉన్నారు, పెట్టవద్దనేవారూ ఉన్నారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చోలేదని నాకు ఇక్కడి నుంచి కనిపిస్తోంది. పెట్టేవారికి ఒక మాట: 2023 నియమాల ప్రకారం పిల్లలు ఆడుకునే చోట, ముసలివారు నడిచే దారిలో, మెట్ల దగ్గర, గేటు ముందు తిండి పెట్టరాదు. నివాసుల సంఘంతో కలిసి ఒక చోటు, ఒక వేళ నిర్ణయించుకోవాలి. పెట్టిన చోటును శుభ్రం చేయాలి. వద్దనేవారికి ఒక మాట: ఏ కుక్కను వలకు దొరికేలా పిలవగలరో, ఏది ఈనిందో, ఏది కొత్తగా వచ్చిందో ఆ వీధిలో అందరికంటే బాగా తెలిసింది అన్నం పెట్టేవారికే. వారు పొద్దున వచ్చి పక్కన నిలబడితే వల అవసరం లేకుండానే సగం కుక్కలు చేతికి వస్తాయి. వారిని శత్రువులుగా చూసే సంఘం తన పనిని తానే రెట్టింపు చేసుకుంటుంది.

2025లో సుప్రీంకోర్టులో ఏం జరిగిందో మీరంతా టీవీలో చూశారు. ఆగస్టు 11న ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో ఉంచమని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషను, టీకా తరువాత పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ సోకినవాటినీ దూకుడు స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలరాదనీ చెప్పి, విషయాన్ని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నవంబరు 7న మళ్లీ, బడులు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తొలగించి షెల్టర్లకు తరలించాలనీ, అక్కడ తిరిగి వదలరాదనీ ఆదేశించింది. ఆసుపత్రి వార్డులో, బడి వరండాలో కుక్క ఉండకూడదన్న దానితో నాకు పేచీ లేదు. కానీ షెల్టరులో పెట్టిన కుక్క చనిపోయేదాకా ప్రతిరోజూ తింటుంది, జబ్బు పడుతుంది, దానికి కాపలా కావాలి. ఆ ఖర్చు ఏ పద్దులోంచి వస్తుంది? ఆపరేషన్ల పద్దులోంచి తీస్తే రెండు పనులూ చెడతాయి. అలాగే ఆసుపత్రి వెనక క్యాంటీను చెత్త అలాగే ఉంటే, ఖాళీ అయిన చోటుకు వేరే కుక్కలు వారం తిరక్కుండా వస్తాయి. ప్రహరీ, గేటు, చెత్త, ఈ మూడూ సరిచేయకుండా కుక్కను మాత్రమే తొలగిస్తే కోర్టు ఆదేశం కాగితం మీదే నెరవేరినట్టు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ దృశ్యాలు చూసినవారెవరూ మరచిపోలేరు. హైకోర్టు తనంతట తానుగా విచారణకు తీసుకుంది. ఆ తరువాత రోజుల్లో ఫిర్యాదులు వెల్లువెత్తాయి, బండ్లు రాత్రింబగళ్లు తిరిగాయి. అంత ఘోరం జరిగాక తిరగకుండా ఎలా ఉంటారు? కానీ వార్త పాతబడగానే ఆ వేడి చల్లారుతుంది. ఒక బిడ్డ ప్రాణం పోతే గానీ కదలని యంత్రాంగం, ఆ కదలిక ఆగిన తరువాత మళ్లీ ఇంకొక దుర్ఘటన కోసం ఎదురు చూస్తున్నట్టే లెక్క. గుంపుగా దాడి చేసే కుక్కలు ఒక్క రోజులో తయారు కావు. ఈనిన తల్లి, ఎదిగిన పిల్లలు, పక్కనే మాంసం వ్యర్థాలు పడేసే ఖాళీ స్థలం, ఇవి నెలల ముందే ఆ వీధివారి కంటికి కనబడతాయి. వాటిని చూసి నమోదు చేసే మనిషి వార్డులో ఉండాలి.

చెత్త మాట వచ్చింది కనుక, మొదట చెప్పిన షెడ్యూలును గుర్తు చేసుకోండి. మన ఊళ్లలో కుక్కలకు పెద్ద పోషకులు అన్నం పెట్టే అమ్మలు కారు, చికెన్ షాపులూ, ఫంక్షన్ హాళ్లూ, రాత్రి పూట టిఫిన్ బండ్లూ. కోళ్ల వ్యర్థాలు మూత ఉన్న డబ్బాల్లో వెళుతున్నాయా, కాలువ పక్కన గోనెసంచిలో పడుతున్నాయా అన్నది పారిశుద్ధ్య విభాగం చూడాలి. పశువైద్యుడికి ఆ షాపు మీద అధికారం లేదు, పారిశుద్ధ్య అధికారికి కుక్కల గోడు పట్టదు. ఇద్దరూ ఒకే భవనంలో కూర్చుంటారు. వారిని నెలకొకసారి ఒకే బల్ల ముందు కూర్చోబెట్టగలిగితే సగం పని అయినట్టే.

ఇదే మాట ఆసుపత్రికీ వర్తిస్తుంది. కుక్క కరిచినవారు మొదట వెళ్లేది ఆసుపత్రికి. ఏ వీధిలో, ఏ రంగు కుక్క, ఎంతమందిని కరిచిందో అక్కడి ఓపీ రిజిస్టరుకు తెలుసు. పశువైద్య విభాగానికి తెలియదు. ఆ సమాచారం అదే రోజు చేరితే, ఆ కుక్కను పదిరోజులు గమనించవచ్చు. రేబిస్ ఉన్న కుక్క మామూలుగా పది రోజుల లోపే చనిపోతుంది. బతికి, ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాడు దాని లాలాజలంలో వైరస్ లేనట్టే. చనిపోతే మెదడును పరీక్షకు పంపి, ఆ వీధిలో మిగిలిన కుక్కలకు వెంటనే టీకాలు వేయాలి. పరీక్ష లేకపోతే 'పిచ్చికుక్క తిరుగుతోంది' అన్నది పుకారుగానే మిగిలిపోతుంది. మనుషుల్లో వచ్చే రేబిస్‌ను తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించమని కేంద్రం 2021లో రాష్ట్రాలను కోరింది, 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించే జాతీయ ప్రణాళికనూ అదే ఏడు సెప్టెంబరు 28న విడుదల చేసింది. ప్రపంచంలో ఏటా దాదాపు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతారని అంచనా, అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. చనిపోయేవారిలో పదిహేనేళ్ల లోపు పిల్లలు కూడా ఎక్కువగానే ఉంటారు.

తల్లులు ఉన్నారు కనుక ఇది చెప్పకుండా ముందుకు వెళ్లను. కుక్క కరిస్తే, గీరినా సరే, ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా అయితే మొదలుపెట్టిన రోజున ఒకసారి, ఆ రోజును సున్నాగా లెక్కించి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. నెత్తురు వచ్చిన గాయమైతే దానితోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే టీకా పనిచేయడం మొదలయ్యేలోపు కాపాడే మందు, కూడా వేయాలి, వేయకపోతే అడగండి. కుక్కను పదిరోజులు చూద్దాం, అప్పుడు వేయించుకుందాం అనుకోవద్దు, టీకా మొదలుపెట్టి కుక్కను చూడండి. లక్షణాలు కనిపించాక ఈ జబ్బుకు మందు లేదు.

ఇంత చెప్పాక, రేపు మీరు పశువైద్య విభాగానికి వెళితే ఏం అడగాలి? 'మా వీధి కుక్కలను తీసుకెళ్లండి' అని అడగవద్దు. మా డివిజన్‌లో ఎన్ని కుక్కలున్నాయని మీ లెక్క, అందులో ఎన్నింటికి చెవి గుర్తు ఉంది, ఆడవాటిలో ఎన్నింటికి ఉంది, పోయిన ఏడాది టీకా ఎప్పుడు వేశారు, మళ్లీ ఎప్పుడు వేస్తారు, మా వంతు ఏ నెలలో వస్తుంది, 2023 నియమాల ప్రకారం ఏర్పాటు కావలసిన స్థానిక పర్యవేక్షణ సంఘం చివరిసారి ఎప్పుడు సమావేశమైంది అని అడగండి. మొదటి ప్రశ్నకే చాలాచోట్ల సమాధానం ఉండదు. లెక్క లేదంటారు. లెక్క లేనిచోట 70 శాతం అన్న మాటకు అర్థం ఏముంటుంది?

అందుకే ఆ లెక్క మనమే మొదలుపెడదాం. పెద్ద విద్య ఏమీ కాదు. తెల్లవారి ఆరు గంటలకు ముందు, చెత్త బండి రాకముందు, ఇద్దరేసి చొప్పున ఒక్కో వీధి పంచుకుని, నెమ్మదిగా నడుస్తూ లేదా స్కూటరు మీద వెళుతూ, కనిపించిన ప్రతి కుక్కనూ రాయాలి: ఆడదా, మగదా, పెద్దదా, పిల్లా, చెవి గుర్తు ఉందా లేదా, ఆడదైతే పాలిస్తోందా. ఫోటో తీసుకుంటే మంచిది. మరునాడు అదే వేళకు, అదే దారిలో మళ్లీ లెక్కించి, మొదటి రోజు చూసినవి ఎన్ని మళ్లీ కనిపించాయో పోల్చాలి. మొదటి రోజు కంటబడనివి ఎన్ని ఉన్నాయో దాన్నిబట్టి అంచనా వేయవచ్చు. పిల్లలను వెంట తేవద్దు, కుక్కల దగ్గరకు పోవద్దు, దూరం నుంచి చూస్తే చాలు. కార్యదర్శి గారితో మాట్లాడాను, ఈ ఆదివారం, సోమవారం రెండు రోజులూ అనుకున్నాం. పేర్లు బయట బల్ల దగ్గర రాసుకుంటున్నారు. అన్నం పెట్టేవారు, వద్దనేవారు ఒక్కొక్కరు కలిసి జంటగా వెళితే నాకు ఇంకా సంతోషం. ఇక ప్రశ్నలుంటే అడగండి.